‘తిన్నాను’కి ఇంగ్లీషులో ఏది: పాస్టా, పర్ఫెక్టా, పర్ఫెక్ట్ కంటిన్యువసా?

ఒకసారి ఫోన్ ఇంటర్వ్యూలో, అప్పుడు చేస్తున్న ఉద్యోగం గురించి చెప్పమన్నారు. అక్కడ చేరి మూడేళ్ళయింది, ఇంకా చేస్తూనే ఉన్నాను. "ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ యియర్స్" అన్నాను. అవతలాయన క్షణం ఆగి, ఎందుకు మానేశారని అడిగాడు. మానలేదన్నాను. మరి మూడేళ్ళు చేశానన్నారు కదా అన్నాడు. తర్వాత పావుగంటా ఆ ముడి విప్పడానికే సరిపోయింది.

తమాషా ఏమిటంటే, తెలుగులో అయితే నేను ఆ తప్పు చచ్చినా చెయ్యను. "అక్కడ మూడేళ్ళు చేశాను" అంటే మానేశానని, "మూడేళ్ళుగా చేస్తున్నాను" అంటే ఇంకా ఉన్నానని మన ఇంట్లో ఆరేళ్ళ పిల్లకి కూడా తెలుసు. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ యియర్స్" తప్పని ఎవరో చెప్పగా విని ఉన్నాను. ఆ భయంతో ఒక గోతిలోంచి ఇంకో గోతిలోకి దూకాను.

అందుకే చెబుతున్నాను. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ఉన్న తేడా మనకు కొత్తది కాదు. కాకపోతే ఇంగ్లీషు దాన్ని క్రియలో దాచుకుంటుంది, మనం క్రియ పక్కనున్న చిన్న మాటల్లో దాచుకుంటాం: గా, నుంచి, ఇంకా, అప్పుడే, ఎప్పుడైనా, ఇప్పటిదాకా. "తిన్నాను" అన్న ముక్క ఒక్కటే పట్టుకుని అది "ఐ ఏట్" అవుతుందా "ఐ హ్యావ్ ఈటెన్" అవుతుందా అని ఎంత తలపట్టుకున్నా తేలదు. దాని పక్కన ఏముందో చూస్తే తేలుతుంది.

ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

మొదటిది: ఎప్పుడు జరిగిందో చెబుతున్నానా? నిన్న, పోయిన వారం, రెండేళ్ళ క్రితం, 2021లో, నేను చిన్నప్పుడు. ఇలాంటి గడిచిపోయిన కాలం మాట వాక్యంలో ఉందంటే సింపుల్ పాస్ట్. ఇక మిగతా ప్రశ్నలు అక్కర్లేదు.

రెండోది: ఇంకా నడుస్తోందా? పని గానీ, పరిస్థితి గానీ, కనీసం ఆ కాలం గానీ ఈ క్షణం దాకా వచ్చిందా? వస్తే పర్ఫెక్ట్ కుటుంబం.

మూడోది: నేను చెప్పదలచుకున్నది ఎంత అయిందనా, ఎంతసేపటి నుంచి అవుతోందనా? "మూడు చాప్టర్లు చదివాను" వేరు, "పొద్దున్నుంచి చదువుతున్నాను" వేరు. మొదటిదానికి మామూలు పర్ఫెక్ట్, రెండోదానికి పర్ఫెక్ట్ కంటిన్యువస్.

నాలుగోది: క్రియ చేసేదా, ఉండేదా? నడవడం, వండడం, ఎదురుచూడడం చేసే పనులు. తెలియడం, ఇష్టముండడం, సొంతమై ఉండడం పనులు కావు, పరిస్థితులు. వీటికి ఇంగ్లీషులో సాధారణంగా ‘ఇంగ్’ తగిలించరు.

ఈ వరుస మార్చకండి. చాలామంది మూడో ప్రశ్న దగ్గర మొదలుపెట్టి మొదటిది మర్చిపోతారు. "ఐ హ్యావ్ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే" అన్న వాక్యం మన ఆఫీసుల్లో రోజూ పుట్టేది అలాగే.

రూపాలు ఒకచోట

| ఏది | ఐ, వీ, యూ, దే | హీ, షీ, ఇట్ | ఆ తర్వాత |
|---|---|---|---|
| సింపుల్ పాస్ట్ | ఏమీ ఉండదు | ఏమీ ఉండదు | వీ2 (క్రియ రెండో రూపం): ఏట్, వెంట్ |
| ప్రెజెంట్ పర్ఫెక్ట్ | హ్యావ్ | హ్యాజ్ | వీ3 (మూడో రూపం): ఈటెన్, గాన్ |
| పర్ఫెక్ట్ కంటిన్యువస్ | హ్యావ్ బీన్ | హ్యాజ్ బీన్ | ఇంగ్: ఈటింగ్, గోయింగ్ |

ప్రశ్న వెయ్యాలంటే హ్యావ్, హ్యాజ్ ముందుకొస్తాయి: "హ్యావ్ యూ ఈటెన్?", "హ్యాజ్ షీ బీన్ వెయిటింగ్?" కాదనాలంటే హ్యావెంట్, హ్యాజంట్. సింపుల్ పాస్ట్‌లో మాత్రం ‘డిడ్’ వచ్చి కూర్చుంటుంది. అది వచ్చాక క్రియ మళ్ళీ వీ1కి, అంటే మొదటి రూపానికి, పోతుంది: "డిడ్ యూ ఈట్?" "డిడ్ యూ ఏట్?" అంటే భూతకాలం రెండుసార్లు చెప్పినట్టు.

వీ3 దగ్గర మాత్రం కంఠస్థం తప్పదు. బళ్ళో గో-వెంట్-గాన్, కమ్-కేమ్-కమ్ అని పాటలా పాడించారు కదా, అది ఊరికే పోలేదు. పాడినవాళ్ళం కూడా మాటల్లో పడేసరికి "ఐ హ్యావ్ వెంట్", "హీ హ్యాజ్ కేమ్" అంటాం. ముఖ్యంగా చూసుకోవాల్సినవి: సా కాదు సీన్, డిడ్ కాదు డన్, రోట్ కాదు రిటెన్, టుక్ కాదు టేకెన్, గేవ్ కాదు గివెన్, స్పోక్ కాదు స్పోకెన్, బిగాన్ కాదు బిగన్. ఈ ఏడూ, గాన్, కమ్ నోటికొస్తే రోజువారీ తప్పుల్లో పెద్ద భాగం పోతుంది.

సింపుల్ పాస్ట్: తేదీ ఉంటే ఇదే

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. జరిగింది, అయిపోయింది, ఎప్పుడో తెలుసు. "ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021." "షీ కాల్డ్ టెన్ మినిట్స్ ఎగో." పది నిమిషాల క్రితమే అయినా ‘ఎగో’ ఉంది కాబట్టి పాస్టే. జరిగి ఎంతసేపైందన్నది లెక్కలోకి రాదు. పది నిమిషాల కిందటిది పాస్ట్ అవుతుంది, ఇరవయ్యేళ్ళ కిందటిది పర్ఫెక్ట్ అవుతుంది: "ఐ హ్యావ్ సీన్ ద తాజ్ మహల్." ఎప్పుడు చూశానో చెప్పలేదు, చూశానన్నదే ముఖ్యం.

‘వెన్’తో మొదలయ్యే ప్రశ్న కూడా తేదీ అడుగుతున్నట్టే. కాబట్టి "వెన్ హ్యావ్ యూ కమ్?" కాదు, "వెన్ డిడ్ యూ కమ్?"

ఒక మెలిక ఉంది. తేదీ వాక్యంలో లేకపోయినా ఇద్దరి మనసులో ఉంటే అప్పుడూ పాస్టే. మీ స్నేహితుడి పెళ్ళి గురించి మాట్లాడుకుంటూ "భోజనాలు బాగున్నాయి" అన్నారనుకోండి. ఎప్పటి భోజనాలో ఇద్దరికీ తెలుసు: "ద ఫుడ్ వాజ్ గుడ్."

మనిషి లేకపోతే కూడా ఇంతే. తాతయ్య ఉంటే "హీ హ్యాజ్ బీన్ టు కాశీ". పోతే "హీ వెంట్ టు కాశీ". ఆయన జీవితకాలం ముగిసింది కనుక అది మూసేసిన లెక్క. అలాగే "ఆయన పోయి ఐదేళ్ళయింది" అనడానికి "హీ హ్యాజ్ డైడ్ ఫైవ్ యియర్స్ ఎగో" అనకూడదు. "హీ డైడ్ ఫైవ్ యియర్స్ ఎగో" అనాలి.

ప్రెజెంట్ పర్ఫెక్ట్: జరిగింది, దాని ఛాయ ఇప్పటి మీద ఉంది

పేరులో ‘ప్రెజెంట్’ ఉందన్న సంగతి మనం పట్టించుకోం. ఇది జరిగినదాని గురించి చెప్పే వర్తమానం. హ్యావ్ అంటేనే ‘ఉంది’. పాత ఇంగ్లీషులో ఇది "నా దగ్గర ఉత్తరం ఉంది, రాసినది" అన్నట్టుగా మొదలై, క్రమంగా "ఐ హ్యావ్ రిటెన్ ద లెటర్" అయింది. మన "రాసి ఉంచాను", "వండి పెట్టాను" అన్న ప్రయోగాలు దీనికి దగ్గర చుట్టాలు. రాయడం అయిపోయింది, రాసినది ఇప్పుడు ఎదురుగా ఉంది.

తెలుగు వాక్యంలో కొన్ని గుర్తులు కనిపిస్తే నేను ఇటు మొగ్గుతాను.

*-ఏశాను, అయిపోయింది.* "తినేశాను", "పంపేశాను", "వచ్చేశాడు", "పాలు అయిపోయాయి". మామూలు "తిన్నాను" కంటే "తినేశాను"లో ‘ఇప్పుడిక అక్కర్లేదు’ అన్న ధ్వని ఉంది. అదే పర్ఫెక్ట్: "ఐ హ్యావ్ ఆల్రెడీ ఈటెన్." కానీ జాగ్రత్త, "నిన్ననే పంపేశాను" అంటే ‘నిన్న’దే గెలుపు: "ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే."

*ఇంకా... లేదు.* "బస్సు ఇంకా రాలేదు" అంటే "ద బస్ హ్యాజంట్ కమ్ యెట్." "బస్సు నిన్న రాలేదు" అంటే "ద బస్ డిడ్ నాట్ కమ్ యెస్టర్‌డే." తెలుగు క్రియ రెండింట్లోనూ ‘రాలేదు’యే. పని చేసింది ‘ఇంకా’, ‘నిన్న’.

*ఎప్పుడైనా, ఎప్పుడూ, ఇప్పటిదాకా.* అనుభవం అడిగే మాటలు. "ఎప్పుడైనా రైల్లో గోవా వెళ్ళారా?" అంటే "హ్యావ్ యూ ఎవర్ బీన్ టు గోవా బై ట్రైన్?" "ఇప్పటిదాకా రెండుసార్లు రాశాను" అంటే "ఐ హ్యావ్ రిటెన్ ఇట్ ట్వైస్ సో ఫార్."

*ఇదే మొదటిసారి.* విమానంలో పక్క సీటాయనతో మనవాళ్ళు చాలామంది "దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ ఫ్లయింగ్" అంటారు. వ్యాకరణం పుస్తకం "ఐ హ్యావ్ ఫ్లోన్" అంటుంది. ఆ క్షణాన ఎగురుతూనే ఉన్నాం కదా అనిపిస్తుంది నిజమే. కానీ ఇంగ్లీషు వాడు ఇక్కడ లెక్క చూస్తాడు: ఇప్పటిదాకా ఎన్ని? ఒకటి.

*వెళ్ళాడు, వెళ్ళొచ్చాడు.* ఇది నాకు చాలా ఇష్టమైన జత. "తిరుపతి వెళ్ళాడు" అంటే మనిషి ఇక్కడ లేడు: "హీ హ్యాజ్ గాన్ టు తిరుపతి." "తిరుపతి వెళ్ళొచ్చాడు" అంటే ఇక్కడే ఉన్నాడు, లడ్డు కూడా తెచ్చి ఉంటాడు: "హీ హ్యాజ్ బీన్ టు తిరుపతి." బయటి దేశపు విద్యార్థులు ఈ ‘గాన్, బీన్’ తేడాకి కుస్తీ పడతారు. మనకు ‘వెళ్ళొచ్చాడు’ ఉంది, దాన్ని పట్టుకుంటే చాలు. పొరపాటైతే అర్థమే మారిపోతుంది. "మేనేజర్ హ్యాజ్ గాన్ టు ముంబయి" అన్నారంటే ఆవిడ కోసం ఎదురుచూసేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

కొత్త కబురు చెప్పేటప్పుడు ఇంగ్లీషు ముందు పర్ఫెక్ట్‌తో తలుపు తీసి, తర్వాత వివరాలకి పాస్ట్‌లోకి దిగుతుంది. "హీ హ్యాజ్ బాట్ ఎ కార్." వెంటనే "హీ బాట్ ఇట్ లాస్ట్ వీక్ ఇన్ విజయవాడ." ఇంగ్లీషు పేపర్లో వార్తలు చూడండి, మొదటి వాక్యం ‘హ్యాజ్ అనౌన్స్‌డ్’ అనీ, కింది వాక్యాలు ‘సెడ్’, ‘యాడెడ్’ అనీ ఉండడం తరచూ కనిపిస్తుంది.

‘దిస్ మార్నింగ్’ సంగతి కూడా ఇక్కడే. పదింటికి మాట్లాడుతుంటే ఉదయం ఇంకా అవలేదు: "ఐ హ్యావ్ హ్యాడ్ టూ కాఫీస్ దిస్ మార్నింగ్." అదే కాఫీల గురించి సాయంత్రం చెబితే: "ఐ హ్యాడ్ టూ కాఫీస్ దిస్ మార్నింగ్." కాఫీలు మారలేదు, గడియారం మారింది.

పర్ఫెక్ట్ కంటిన్యువస్: ‘నుంచి’ ఉన్న చోట

"రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను." తెలుగులో ఇది వర్తమానం. అందుకే మన నోటికి వెంటనే "ఐ యామ్ వెయిటింగ్" వస్తుంది, దాని వెనక "సిన్స్ టూ అవర్స్" వస్తుంది. రెండు ముక్కలూ తప్పే. "ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్."

నా సలహా ఒక్కటే: తెలుగు వాక్యంలో ‘నుంచి’ గానీ, కాలం మీద ‘గా’ గానీ ఉండి, చివర ‘-తున్నాను’ ఉంటే, ‘యామ్, ఈజ్, ఆర్’ జోలికి పోకండి. తిన్నగా ‘హ్యావ్ బీన్, హ్యాజ్ బీన్’కి వెళ్ళండి. ఉత్త ‘-తున్నాను’ అయితేనే ‘యామ్’. "చదువుతున్నాను" అంటే "ఐ యామ్ రీడింగ్". "పొద్దున్నుంచి చదువుతున్నాను" అంటే "ఐ హ్యావ్ బీన్ రీడింగ్ సిన్స్ దిస్ మార్నింగ్."

ఇక సిన్స్, ఫర్ గొడవ. మనకు రెండింటికీ ‘నుంచి’యే. "సోమవారం నుంచి" అంటాం, "మూడు రోజుల నుంచి" అంటాం. దీనికి మన భాషలోనే పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడండి. అతికితే ‘ఫర్’, అతకకపోతే ‘సిన్స్’.

| తెలుగు | ‘గా’ పెడితే | ఇంగ్లీషు |
|---|---|---|
| మూడు రోజుల నుంచి | మూడు రోజులుగా, అతికింది | ఫర్ త్రీ డేస్ |
| చాలా కాలం నుంచి | చాలా కాలంగా, అతికింది | ఫర్ ఎ లాంగ్ టైమ్ |
| సోమవారం నుంచి | సోమవారంగా, అతకదు | సిన్స్ మండే |
| 2019 నుంచి | 2019గా, అతకదు | సిన్స్ 2019 |
| చిన్నప్పటి నుంచి | అతకదు | సిన్స్ చైల్డ్‌హుడ్ |
| ఇక్కడికొచ్చినప్పటి నుంచి | అతకదు | సిన్స్ ఐ కేమ్ హియర్ |

చివరి వరస చూడండి. ‘సిన్స్’ తర్వాత వచ్చింది పాస్ట్, ‘కేమ్’. రావడం ఒకసారి జరిగిపోయింది, అక్కణ్ణుంచి కాలం నడుస్తోంది. "ఇక్కడికొచ్చి మూడేళ్ళయింది" అన్న మన అచ్చమైన వాక్యానికి కూడా ఇదే దారి: "ఇట్ హ్యాజ్ బీన్ త్రీ యియర్స్ సిన్స్ ఐ కేమ్ హియర్."

ఇక మామూలు పర్ఫెక్ట్‌కి, కంటిన్యువస్‌కి తేడా తేలని చోట నేను డబ్బా మూత తీసి చూడమంటాను. పండక్కి చేసిన సున్నుండల డబ్బా. ఖాళీగా ఉంటే "హూ హ్యాజ్ ఈటెన్ మై సున్నుండలు?" సగం ఉంటే, ఎవరో వచ్చిపోతూ తీసుకుంటున్నట్టు అనుమానమైతే "హూ హ్యాజ్ బీన్ ఈటింగ్ మై సున్నుండలు?" మొదటిది ఫలితం, రెండోది సాగుతున్న పని. అందుకే లెక్క చెప్పేటప్పుడు కంటిన్యువస్ పనికిరాదు. "ఐ హ్యావ్ రిటెన్ ఫోర్ లెటర్స్" సరే, "ఐ హ్యావ్ బీన్ రైటింగ్ ఫోర్ లెటర్స్" విన్నవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

పని ఆగిపోయినా ఆనవాలు కనబడుతుంటే కూడా ఇది వస్తుంది. కళ్ళు ఎర్రగా ఉన్న పిల్లని చూసి "హ్యావ్ యూ బీన్ క్రయింగ్?" అంటారు. తడిసిన రోడ్డు చూసి "ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్" అంటారు. ఇప్పుడు వాన లేకపోయినా సరే.

‘లివ్, వర్క్, టీచ్’ లాంటి వాటికి రెండూ నడుస్తాయి. "ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ యియర్స్" అన్నా, "హ్యావ్ బీన్ లివింగ్" అన్నా పెద్ద తేడా లేదు. ఇక్కడ సమయం పోగొట్టుకోకండి.

‘ఇంగ్’ పడని క్రియలు

"ఆయన నాకు పదేళ్ళుగా తెలుసు." ఇక్కడ ‘గా’ ఉంది, కాలం నడుస్తోంది, కాబట్టి పర్ఫెక్ట్ కుటుంబమే. కానీ తెలియడం పరిస్థితి. "ఐ హ్యావ్ బీన్ నోయింగ్" కాదు, "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ యియర్స్." ఆస్తి, నమ్మకం, ఇష్టం, సంబంధం చెప్పే ఓన్, బిలీవ్, లైక్, బిలాంగ్ అన్నీ ఈ బాపతే. మన తెలుగులో ‘తెలుస్తున్నాడు’ అనం కదా, ‘తెలుసు’ అనే అంటాం. క్రియ ‘-తున్న’ పలక్కపోతే ఇంగ్లీషులోనూ ‘ఇంగ్’ అనుమానించండి. అన్నిచోట్లా పని చెయ్యదు గానీ తెలుసు, ఇష్టం, ఉంది, కావాలి లాంటి వాటి దగ్గర బాగా ఆదుకుంటుంది.

"పెళ్ళై పదేళ్ళయింది" కూడా ఇటే వస్తుంది: "వీ హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ యియర్స్." "వీ ఆర్ మ్యారీడ్ సిన్స్ టెన్ యియర్స్" మన ఫంక్షన్ హాళ్ళలో మాత్రమే చెల్లుతుంది.

బ్యాంకు మెసేజ్ మాట

"యువర్ అకౌంట్ హ్యాజ్ బీన్ క్రెడిటెడ్." ఇందులో ‘హ్యాజ్ బీన్’ ఉంది కాబట్టి కంటిన్యువస్ అనుకుంటారు. ‘బీన్’ తర్వాత ఏముందో చూడండి. ఇంగ్ ఉంటే పని సాగుతోంది. వీ3 ఉంటే పని ఎవరో చేసేశారు, ఇది పాసివ్. "హ్యాజ్ బీన్ సెండింగ్" పంపుతూ ఉన్నాడు, "హ్యాజ్ బీన్ సెంట్" పంపబడింది. మెయిల్లో "ఐ హ్యావ్ బీన్ సెంట్ ద ఫైల్" అని రాసినాయన తనకే ఎవరో ఫైలు పంపారని చెప్పినట్టయింది. ఆయన చెప్పాలనుకున్నది తను పంపానని.

మీ అవసరాన్ని బట్టి

ఇంటర్వ్యూకి వెళుతుంటే రెండే వాక్యాలు సిద్ధం చేసుకోండి, మిగతావి తర్వాత. చదువుకి పాస్ట్: "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021." ఇప్పటి ఉద్యోగానికి పర్ఫెక్ట్ కంటిన్యువస్: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ యియర్స్." రెజ్యూమేల్లో నాకు ఎక్కువగా కనిపించేది వీటి తారుమారే: చదువుకి ‘హ్యావ్ కంప్లీటెడ్ ఇన్ 2021’, ఉద్యోగానికి ‘యామ్ వర్కింగ్ సిన్స్’. పాత ఉద్యోగానికి "ఐ వర్క్డ్" పూర్తిగా సరైనది. నా కథలో తప్పు వాక్యానిది కాదు, అది దిగిన చోటుది.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) లాంటి పోటీ పరీక్షలు రాసేవాళ్ళకి తప్పు పట్టే ప్రశ్నల్లో వేట సులువు. వాక్యంలో ముందు కాలం మాట మీద వేలు పెట్టండి. సిన్స్, ఫర్ లేకుండా ఎగో, యెస్టర్‌డే, లాస్ట్ వీక్ లాంటివి ఉండి ‘హ్యాజ్, హ్యావ్’ కనిపిస్తే తప్పు అక్కడే. ‘ఇన్నాళ్ళుగా’ అన్న అర్థంలో సిన్స్, ఫర్ ఉండి ‘ఈజ్, యామ్’ కనిపిస్తే అక్కడ. పరీక్షలో బ్రిటిష్ పద్ధతే పాటించండి, అమెరికన్ పద్ధతితో తేడా కింద చెబుతాను.

విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్‌కి, స్పీకింగ్‌కి చూసే నాలుగు అంశాల్లో వ్యాకరణం ఒకటి, నాలుగింటికీ సమానమైన విలువ. అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫ్ ఇచ్చినప్పుడు కింద సంవత్సరాలు చూసుకోండి. 1990 నుంచి 2010 దాకా అని ఉంటే అది ముగిసిన కాలం, కాబట్టి ‘రోజ్, ఫెల్’. ‘హ్యాజ్ రిజెన్’ రాస్తే ఇప్పటిదాకా పెరిగిందని అర్థం, గ్రాఫ్ ఆ మాట చెప్పలేదు. స్పీకింగ్‌లో ఊరు, చదువు, ఉద్యోగం అడిగినప్పుడు "ఐ హ్యావ్ లివ్డ్", "ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్" సహజంగా దిగుతాయి. జరిగిన సంఘటన చెప్పమంటే మాత్రం కథంతా పాస్ట్‌లోనే నడపండి, మధ్యమధ్య పర్ఫెక్ట్ చొప్పించి గొప్ప చూపబోకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి కొంత వెసులుబాటు ఉంది. ‘జస్ట్, ఆల్రెడీ, యెట్’ ఉన్న చోట అక్కడ పాస్ట్ కూడా మామూలే: "డిడ్ యూ ఈట్ యెట్?", "ఐ ఆల్రెడీ ఏట్." బ్రిటన్‌లో అయితే "హ్యావ్ యూ ఈటెన్ యెట్?" వైపే ఎక్కువ మొగ్గుతారు. కానీ ‘మూడేళ్ళుగా ఇంకా’ అనే చోట అమెరికన్‌కీ పర్ఫెక్టే కావాలి. ఇంకోటి, అక్కడ ‘గెట్’ వీ3 తరచుగా ‘గాటెన్’: "ఇట్ హ్యాజ్ గాటెన్ కోల్డ్." బ్రిటిష్ చెవికి ‘గాట్’.

పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలు, కొత్తగా వెళ్ళిన విద్యార్థులు డాక్టర్ దగ్గర మాత్రం ఇది తప్పనిసరిగా సరిచూసుకోవాలి. "ఐ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులు వచ్చి తగ్గిందని. ఇప్పుడూ ఉంటే "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్." ఆ ‘హ్యావ్ హ్యాడ్’ నత్తిగా వినిపిస్తుంది, కానీ సరైనదే. నోరు తిరక్కపోతే రెండు ముక్కలు చెయ్యండి: "ఐ హ్యావ్ ఎ ఫీవర్. ఇట్ స్టార్టెడ్ త్రీ డేస్ ఎగో." ఒంట్లో బాగాలేనప్పుడు ఇదే మేలు.

వినడంలో ఇబ్బంది పడేవాళ్ళకి ఒక మాట. పలికేటప్పుడు ‘హ్యావ్’ కరిగిపోతుంది. "ఐవ్ బీన్ వెయిటింగ్"లో ‘వ్’ వినపడీ వినపడకుండా పోతుంది. కాబట్టి ‘హ్యావ్’ కోసం చెవులు రిక్కించకండి, ‘బీన్’ పట్టుకోండి. ‘హీజ్’ వినిపిస్తే దాని తర్వాత మాట చూడండి: "హీజ్ వెయిటింగ్"లో అది ‘ఈజ్’, "హీజ్ బీన్ వెయిటింగ్"లో ‘హ్యాజ్’.

తేల్చుకోలేనప్పుడు చూసుకోవడానికి

| మనం అనేది | ఏది | ఇంగ్లీషులో |
|---|---|---|
| నిన్న ఫోన్ చేశాను | పాస్ట్ | ఐ కాల్డ్ యెస్టర్‌డే |
| ఇప్పుడే ఫోన్ చేశాను | పర్ఫెక్ట్, అమెరికాలో పాస్ట్ కూడా | ఐ హ్యావ్ జస్ట్ కాల్డ్ |
| పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను | కంటిన్యువస్ | ఐ హ్యావ్ బీన్ కాలింగ్ సిన్స్ దిస్ మార్నింగ్ |
| పొద్దున్నుంచి ఆరుసార్లు చేశాను | పర్ఫెక్ట్ | ఐ హ్యావ్ కాల్డ్ సిక్స్ టైమ్స్ సిన్స్ దిస్ మార్నింగ్ |
| తాళం పోయింది, లోపలికి వెళ్ళలేను | పర్ఫెక్ట్ | ఐ హ్యావ్ లాస్ట్ ద కీ |
| తాళం పోయింది, మళ్ళీ దొరికింది | పాస్ట్ | ఐ లాస్ట్ ద కీ, బట్ ఐ ఫౌండ్ ఇట్ |
| ఈ ఇల్లు 2015 నుంచి మాదే | పర్ఫెక్ట్, ఇంగ్ వద్దు | వీ హ్యావ్ ఓన్డ్ దిస్ హౌస్ సిన్స్ 2015 |

మూడు, నాలుగు వరసలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండింట్లోనూ ‘పొద్దున్నుంచి’ ఉంది. ‘ఆరుసార్లు’ అన్న లెక్క రాగానే ఇంగ్ లేచిపోయింది. తెలుగు కూడా అక్కడ ‘చేస్తున్నాను’ వదిలేసి ‘చేశాను’కి మారింది, గమనించారా?